తులనాత్మక ప్రయోజనం లెక్క మా రొయ్యల చెరువు దగ్గర ఎందుకు తేలడం లేదు?

ముత్తుకూరు కుర్రాడు

పెద్దలందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఎం.ఎ. అర్థశాస్త్రం చదువుతున్నాను. మా నాన్న ముత్తుకూరు వైపు నాలుగు చెరువులు కౌలుకు తీసుకుని వెనామీ రకం రొయ్య వేస్తారు. పోయిన వారం తరగతిలో ఇంగ్లండు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో చెప్పిన తులనాత్మక వ్యయ సిద్ధాంతం (తులనాత్మక ప్రయోజనం అనేదీ దీనినే) పాఠం అయింది. ఆయన లెక్కలో ఒక కొలత వైన్ తయారు కావడానికి పోర్చుగల్‌లో ఏడాదికి 80 మంది, ఒక కొలత బట్టకు 90 మంది చాలు. ఇంగ్లండులో అదే వైన్‌కు 120 మంది, అదే బట్టకు 100 మంది కావాలి. రెండు పనుల్లోనూ పోర్చుగలే మెరుగు. అయినా పోర్చుగల్ వైన్ చేసి, ఇంగ్లండు బట్ట నేసి మార్చుకుంటే ఇద్దరూ బాగుపడతారని రికార్డో తేల్చాడు. పరీక్షలో రాయగలను గాని నమ్మకం కుదరడం లేదు.

ఇంటికి వెళ్ళి ఇదే చెబితే నాన్న నవ్వి, "ఆ ఇద్దరిలో నేను ఎవరిని నాయనా?" అన్నారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన తరువాత చెరువు గట్టు దగ్గర చెప్పే కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దానిని బట్టి ఇచ్చే ధర) పడిపోయింది, ఫీడ్ ధర మాత్రం కదలలేదు. నా సందేహాలు రెండు. అన్ని పనుల్లోనూ వెనకబడిన దేశానికి అమ్ముకోవడానికి ఏదో ఒకటి ఎందుకు మిగులుతుంది? దేశం లాభపడిందన్నప్పుడు ఆ లాభం ఎవరి ఇంటికి చేరుతుంది?

కావలి మాస్టారు

బాబూ, నీ మొదటి సందేహానికి సమాధానం ఆ నాలుగు అంకెల్లోనే ఉంది గాని, రెండు దేశాలను పక్కపక్కన నిలబెట్టి చదివితే అది కనిపించదు. ఒక్కొక్క దేశాన్ని విడిగా చదవాలి. పోర్చుగల్‌లో ద్రాక్షతోటకు అసలైన పోటీ అక్కడి మగ్గమే. ఒక కొలత వైన్ కోసం పోర్చుగల్ వదులుకునే బట్ట 80ని 90తో భాగిస్తే వచ్చేది, అంటే కొలత కన్నా తక్కువ. ఇంగ్లండు వదులుకునేది 120ని 100తో భాగిస్తే వచ్చేది, అంటే ఒకటింబావుకు కొంచెం తక్కువ. దీనినే మనం అవకాశ వ్యయం అంటున్నాము. కొలతకు కొలత మార్చుకుంటే ఇంగ్లండుకు 20 మంది శ్రమ, పోర్చుగల్‌కు 10 మంది శ్రమ మిగులుతుంది. ఒక పనిలో ఎక్కువ వదులుకునేవాడు, తిరగేసి చూస్తే, రెండో పనిలో తప్పనిసరిగా తక్కువ వదులుకుంటాడు. భిన్నాన్ని తలకిందులు చేస్తే జరిగేది అదే. అందువల్ల ఎంత వెనకబడిన దేశానికైనా ఏదో ఒకటి మిగులుతుంది.

మన వైపు పొగాకు పని చూడండి. పచ్చాకును కర్రలకు అల్లి ఎండబెడతారు, ఎండిన ఆకును రకాలుగా వేరు చేయడం గ్రేడింగ్. అక్క గంటకు 12 కర్రలకు ఆకు అల్లగలదు, లేదా 6 కిలోలు గ్రేడింగ్ చేయగలదు. చెల్లెలు 8 కర్రలు అల్లగలదు, లేదా 2 కిలోలు చేయగలదు. ఎనిమిది గంటల రోజును ఇద్దరూ చెరి సగంగా రెండు పనులకూ పంచుకుంటే కలిపి 80 కర్రలు, 32 కిలోలు అవుతాయి. చెల్లెలు రోజంతా అల్లి, అక్క ఒక గంటా ఇరవై నిమిషాలు అల్లి మిగతా సమయమంతా గ్రేడింగ్‌కు కూర్చుంటే అదే 80 కర్రలు, 40 కిలోలు వస్తాయి. ఎవరూ ఒక్క నిమిషం అదనంగా పని చేయకుండానే 8 కిలోలు పుట్టాయి. గణిత శాస్త్రవేత్త స్టానిస్లావ్ ఉలామ్ ఒకసారి ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్‌ను, సాంఘిక శాస్త్రాల్లో నిజమై ఉండి, చూడగానే తెలిసిపోని సూత్రం ఒక్కటి చూపించమని అడిగితే, చాలా ఏళ్ళ తరువాత ఆయనకు తట్టిన జవాబు ఇదే.

కొండపి బ్యారన్

మాస్టారికి నమస్కారం. లెక్క బాగుంది గాని, బ్యారన్ (ఆకు ఎండబెట్టే కొట్టం) నడిచే రోజుల్లో ఇంట్లో అందరూ అల్లడానికే సరిపోరు. గ్రేడింగ్ సంగతి మండెలు (ఎండిన ఆకు పేర్చిన గుట్టలు) విప్పిన తరువాత మాట. అక్క అల్లడం మానేసి గ్రేడింగ్‌కు కూర్చోవడానికి ఆ రోజు అక్కడ ఎండిన ఆకు ఉండాలి కదా. చిన్న మాటే, తప్పుగా అనుకోవద్దు.

నా అసలు సమస్య వేరే. మాది నల్లరేగడి, వాన మీద ఆధారం. పొగాకు వేయకపోతే వేసేది శనగ. పొగాకు ఎంత వేయాలో పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది, వేలం కేంద్రంలో ధర బ్రెజిల్, జింబాబ్వే పంటలను బట్టి ఊగుతుంది. అది తెలిసిందే, ఒప్పుకునే దిగాము. శనగకు మాత్రం ఆటకు నియమమే లేదు. 2018 మార్చిలో దిగుమతి శనగ మీద 60 శాతం సుంకం వేశారు. సరే, ప్రభుత్వం మన పక్షాన ఉందనుకున్నాము. 2023 డిసెంబరులో పసుపు బఠానీని సుంకం లేకుండా రానిచ్చారు. శనగపిండిలో బఠానీ పిండి కలిసే దేశంలో అది శనగను రానిచ్చినట్టే. 2024 మేలో దేశీ శనగ మీద సుంకాన్నే ఎత్తివేశారు, ఆస్ట్రేలియాలో రైతులు మన కోసమే విత్తారు. మరుసటి ఏప్రిల్ నుంచి మళ్ళీ 10 శాతం వేశారు. నేను శనగ విత్తేది కార్తీకంలో, ధర రాకపోతే కోల్డ్ స్టోరేజీలో దాచేది ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు. దాచిన సరుకు బయటికి వచ్చే లోపల సుంకం రెండుసార్లు మారితే, ఏ పంటలో నాకు తులనాత్మక ప్రయోజనం ఉందో నేను దేనిని చూసి తెలుసుకోవాలి? సుంకం ఉండాలనీ అనను, వద్దనీ అనను. విత్తనం వేసిన రోజు ఉన్నది పంట అమ్మే రోజు వరకైనా ఉండాలంటాను.

ఒంగోలు కోడలు

బ్యారన్ అన్నగారూ, మీ శనగకు ధర రావాలి, నిజమే. కానీ పండగకు బజ్జీలు వేయబోయేటప్పుడు శనగపిండి ధర చూసి వెనక్కి తగ్గే ఇళ్ళు మీ పొలాల కన్నా ఎక్కువ. ఆ కుర్రాడు అడిగిన రెండో ప్రశ్నకు ఒక జవాబు వంటింట్లో ఉందని నా నమ్మకం. మన దేశం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. ఇండోనేషియా, మలేషియాల పామాయిలు రాకపోతే మా వీధి చివరి టిఫిన్ బండి మీద పూరీ ఏ ధరకు అమ్మేవారో ఊహించండి. ఆ లాభం ప్యాకెట్టుకు కొన్ని రూపాయల చొప్పున కోట్ల ఇళ్ళకు పలచగా పంచుకుపోతుంది కాబట్టి దాని కోసం ఎవరూ దండోరా వేయరు. నష్టపోయిన వారు మాత్రం ఒకే చోట ఉంటారు కాబట్టి కలెక్టరు ఆఫీసు ముందు కనిపిస్తారు.

అలాగని నాకు భయం లేదనుకోవద్దు. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చి పొద్దుతిరుగుడు నూనె ఆగింది. అదే ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతిని ఆపేసింది, మే 23 వరకు తెరవలేదు. ఆ నెలంతా కొట్టులో మనిషికి ఇన్ని ప్యాకెట్లే అని లెక్కపెట్టి ఇచ్చారు. ఎదుటివాడు మార్చుకోవడం మానేస్తే ఏమిటన్నది రికార్డోగారు చెప్పారా?

రేవు గుమాస్తా

కృష్ణపట్నం రేవు దగ్గర పని చేస్తున్నాను కాబట్టి నూనె సంగతి కొంచెం చెప్పగలను. వచ్చేది ఎక్కువగా ముడి పామాయిలు. దానిని ఇక్కడి రిఫైనరీలలో శుద్ధి చేసి లారీల మీద పంపిస్తారు. శుద్ధి చేసిన నూనె మీద సుంకం ఎక్కువ, ముడి నూనె మీద తక్కువ కావడమే ఇందుకు పెద్ద కారణం. 2024 సెప్టెంబరులో ముడి నూనె మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, 2025 మే 30న దానిని 10కి దించారు. ఆ దించిన రోజు రిఫైనరీల వారు సంతోషించారు, నూనె గింజల రైతులు బాధపడ్డారు. ఒకే అంకెకు ఒకే రోజున రెండు ముఖాలు చూశాను. ఆయిల్‌పామ్‌కు ఏడాది పొడుగునా వాన కావాలి, హెక్టారుకు అది ఇచ్చే నూనె వేరుశనగ ఇచ్చేదానికి కొన్ని రెట్లు. ఆ వాన మన వైపు లేదు. మన వైపు ఉన్నది ఉప్పునీరు, ఎండ, కాబట్టి రొయ్య వెళుతుంది, నూనె వస్తుంది. రికార్డో చూసి ఉంటే సంతోషించేవాడేమో.

ముత్తుకూరు కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, ఇంకొకటి. అమెరికా వేసిన 50 శాతం సుంకాన్ని కట్టేది అమెరికాలోని దిగుమతిదారుడు కదా. పాఠ్యపుస్తకం ప్రకారం ధర అక్కడ పెరగాలి. ఇక్కడ మా చెరువు దగ్గర ఎందుకు తగ్గింది?

కావలి మాస్టారు

సుంకం చెక్కు మీద సంతకం ఎవరిదన్నది ఒకటి, ఆ బరువు చివరికి ఎవరి భుజం మీద దిగుతుందన్నది ఇంకొకటి. తప్పించుకునే దారి ఎవరికి తక్కువ ఉంటే వారి మీద ఎక్కువ దిగుతుంది. అమెరికా తినే రొయ్యలో 90 శాతానికి పైగా దిగుమతి సరుకే. అందువల్ల ఈ సుంకంతో అక్కడేమీ రాత్రికి రాత్రి చెరువులు పుట్టవు. అయితే మన మీద 50 శాతం ఉన్నప్పుడు ఈక్వడార్ మీద 15 శాతమే ఉంది, పైగా ఆ దేశం వారికి దగ్గర. కొనేవాడికి ఇంకొక తలుపు ఉంది. మీ నాన్నగారి చెరువులో మాత్రం 100 రోజులు పెరిగిన రొయ్య ఉంది, దానికి రోజూ ఫీడ్ వేయాలి, నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పాలి, ఏ రాత్రి వ్యాధి తగులుతుందో తెలియదు. ఆగగలిగేవాడు, ఆగలేనివాడు బేరమాడితే ధర ఎటు జరుగుతుందో నీకు తెలుసు. అమెరికాకు వెళ్ళని సరుకు చైనాకో, యూరప్‌కో, జపాన్‌కో వెళుతుంది, కానీ అక్కడ ఒక్కసారిగా ఎక్కువ దిగితే అక్కడా ధర తగ్గుతుంది.

ఇది కొత్త కథ కూడా కాదు. 2005లోనే బ్రెజిల్, చైనా, ఈక్వడార్, భారత్, థాయిలాండ్, వియత్నాం రొయ్య మీద, మరీ చౌకగా తెచ్చి కుమ్మరిస్తున్నారంటూ, అమెరికా యాంటీ డంపింగ్ సుంకాలు వేసింది. బర్డ్ సవరణ అనే చట్టం ప్రకారం కొన్నాళ్ళు ఆ వసూలు సొమ్మును ఫిర్యాదు చేసిన అక్కడి వ్యాపారులకే పంచిపెట్టేవారు. ఫిర్యాదు చేసినవాడికే జరిమానా సొమ్ము ఇచ్చే న్యాయస్థానం ఎక్కడైనా ఉంటుందా! ప్రపంచ వాణిజ్య సంస్థలో ఓడిపోయిన తరువాత దానిని రద్దు చేశారు.

విడవలూరు చెరువుగట్టు

మాస్టారూ, వయసులో మీకు దగ్గరవాణ్ని కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను. రికార్డో లెక్కలో బట్ట నేసే పోర్చుగీసు మనిషి మరుసటి రోజు నుంచి ద్రాక్షతోటలో పనికి వెళ్ళిపోతాడు. అతని మగ్గం ఏమయింది, దాని మీద తెచ్చిన అప్పు ఏమయింది అన్నది అందులో లేదు. బ్యారన్ తమ్ముడు గ్రేడింగ్ గురించి అన్న మాట చిన్నదని ఆయనే అన్నారు గాని, నాకు అదే పెద్దదిగా కనిపించింది. మా ఊళ్ళో ఆ మరుసటి రోజు ఎలా ఉంటుందో చెబుతాను.

1990ల మొదట్లో ఈ తీరమంతా టైగర్ రొయ్య మోజు వచ్చింది. మా నాన్న మొలగొలుకుల వరి పండించిన మూడెకరాలను నేనే తవ్వించాను. ఏ లెక్కన చూసినా అప్పటికి అది తప్పు కాదు. ఏడాది పొడుగునా వరి మీద మిగిలేది ఒక్క పట్టుబడిలో వచ్చేదానికి ఏ మూలకూ చాలదు. మాస్టారి మాటలో చెప్పాలంటే నేను వదులుకున్నది తక్కువ, తెచ్చుకున్నది ఎక్కువ. 1994 నుంచి తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టింది. సరే, రొయ్య పోతే వరి ఉంది కదా అని చూస్తే నేల ఒప్పుకోలేదు. ఉప్పునీళ్ళు నిలిచిన మట్టికి జిప్సం చల్లించాను, కాలువ నీళ్ళు వచ్చినప్పుడల్లా నిలగట్టి తీసేశాను. మొదటి ఏడు నారు పసుపు తిరిగింది. రెండో ఏడు పిలకలు రాలేదు. మూడో ఏడు సగం పంట ఇంటికి వచ్చింది. వరి నుంచి రొయ్యకు వెళ్ళడానికి నాకు పట్టింది పొక్లెయిన్ బాడుగ, పది రోజులు. రొయ్య నుంచి వరికి తిరిగి రావడానికి పట్టింది మూడేళ్ళు, అదీ మురుగు సాగే పొలం కాబట్టి.

ఇంకొక మాట రాయకుండా ఉండలేను. పక్క పొలం వారు చెరువు తవ్వలేదు. నా చెరువు ఊట గట్టు దాటి వారి వరిలోకి దిగింది. చాలా ఏళ్ళు వారు నాతో మాట్లాడలేదు, అందులో వారి తప్పేమీ లేదు. వారు కోల్పోయిన బస్తాలు నా ఖర్చులోనూ లేవు, దేశపు ఎగుమతి లెక్కలోనూ లేవు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు చట్టం వచ్చింది, ఎవరు ఎక్కడ తవ్వవచ్చో అప్పటికి గాని రాతలోకి రాలేదు. 2009లో వెనామీకి అనుమతి ఇచ్చారు, నేను మళ్ళీ దిగాను. ఈ సారి తల్లి రొయ్య హవాయి, ఫ్లోరిడాల నుంచి చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్‌కు వచ్చి, అక్కడి నుంచి రొయ్య పిల్లలను పుట్టించే హేచరీకి వస్తుంది. అమెరికాకు అమ్మే రొయ్యకు తల్లిని అమెరికా నుంచే కొంటున్నాము, కాబట్టి స్వేచ్ఛా వాణిజ్యానికి నేను విరోధిని కాను. దానితోనే నా పిల్లలు చదువుకున్నారు. ఆ మూడేళ్ళను ఏ పద్దులో రాయాలో మాత్రం మీరు చెప్పాలి.

చీమకుర్తి రాయి

చెరువుగట్టు పెద్దాయన చెప్పినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా వైపు నుంచి ఒక్క ప్రశ్న. మా ఊరి గెలాక్సీ నల్లరాయి దిమ్మెలుగా చైనాకు, ఇటలీకి వెళుతుంది. కోత, పాలిష్ అక్కడ, ఆ కూలీ అక్కడ. "మీ ప్రయోజనం తవ్వడంలో ఉంది, తవ్వుకోండి" అని సిద్ధాంతం అంటే మేము ఎప్పటికీ తవ్వుతూనే ఉండాలా? దక్షిణ కొరియా ఉక్కు కర్మాగారం కడతానంటే ప్రపంచ బ్యాంకు వద్దంది. వారు వినకుండా కట్టారు, ఇప్పుడు ఉక్కు అమ్ముతున్నారు.

గూడూరు నిమ్మ

రాయిగారికి మద్దతుగా, కొంత వ్యతిరేకంగా కూడా. మా గూడూరు, సైదాపురం వైపు అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి వెళ్ళేది. రేడియో వాల్వుల్లో, విద్యుత్ పరికరాల్లో దానికి సాటి లేదనుకున్నారు. ట్రాన్సిస్టర్లు, కృత్రిమ పదార్థాలు వచ్చాక పలకల అభ్రకానికి గిరాకీ పడిపోయింది, గనులు గుంతలయ్యాయి. ఇక్కడ ఎవరూ సుంకం వేయలేదు, ఎవరూ మోసం చేయలేదు. ప్రయోజనం కొన్నాళ్ళుండి వెళ్ళిపోయిందంతే. ఒంగోలు ఎద్దు కథ ఇంకో రకం. పందొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా మన పశువులు బ్రెజిల్‌కు వెళ్ళాయి, అక్కడ నెలోరె అన్న మన జిల్లా పేరుతోనే మందలుగా పెరిగాయి, ఈ రోజు ప్రపంచంలో పశుమాంసం ఎక్కువగా ఎగుమతి చేసేది ఆ దేశమే. మనకు ఉన్న ప్రయోజనాన్ని ఓడలో పెట్టి పంపించాము. కొరియా వారు లేని ప్రయోజనాన్ని కట్టుకున్నారు. అయితే అలా కట్టబోయి సుంకం గోడల వెనక నిద్రపోయిన దేశాలూ ఉన్నాయి, 1991కి ముందు మనం ఆ జాబితాలో లేమా?

కావలి మాస్టారు

నాలుగు రోజులుగా ఆలోచించి రాస్తున్నాను. రాయిగారి ప్రశ్నకు రికార్డో ఉదాహరణలోనే ఒక ముల్లు ఉంది. ఆయన ఊహించుకున్న ఆ మార్పిడి నిజంగా జరిగినదే. 1703 మెథుయెన్ ఒప్పందంతో ఇంగ్లండు బట్టకు పోర్చుగల్, పోర్చుగల్ వైన్‌కు ఇంగ్లండు తలుపులు తెరిచాయి. తరువాతి శతాబ్దంలో మరమగ్గాలు, ఆవిరి యంత్రాలు పుట్టినది బట్ట నేసే దేశంలో. ద్రాక్షతోటలో అలాంటిదేదీ పుట్టలేదు. ఈ రోజు ఏది చౌక అన్నది రికార్డో చెప్పగలడు, ఏ పని చేస్తూ ఏమి నేర్చుకుంటామన్నది ఆయన అంకెల్లో లేదు. పోర్చుగల్ వెనకబాటుకు ఒప్పందం ఒక్కటే కారణమని కూడా నేను అనను.

కోడలమ్మా, ఎదుటివాడు తలుపు మూస్తే ఎలా అన్నదానికి రికార్డో దగ్గర పెద్దగా జవాబు లేదు. ఇద్దరు ముగ్గురు అమ్మకందారులను చేతిలో ఉంచుకోవడం, కొంత మన దగ్గరా పండించడం బీమా కిస్తీ లాంటిది. కిస్తీ కట్టినన్నాళ్ళు నూనె కొంచెం ప్రియంగానే ఉంటుంది.

ఇక చెరువుగట్టుగారి మూడేళ్ళు. నలభై ఏళ్ళు ఈ పాఠం చెప్పిన నేను "శ్రమ ఒక పరిశ్రమ నుంచి మరొక పరిశ్రమకు స్వేచ్ఛగా మారుతుందని ఊహిద్దాం" అన్న వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, ఎన్నడూ దాని మీద ఆగలేదు. ఆగవలసింది. వాణిజ్యం వల్ల దేశంలోనే కొందరు నిజంగా నష్టపోతారని స్టోల్పర్, శామ్యూల్సన్ 1941లోనే నిరూపించారు. చైనా సరుకు దెబ్బకు అమెరికాలో కొన్ని పట్టణాల కార్మికులు పదేళ్ళ తరువాత కూడా కోలుకోలేదని ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్, ఆయన సహచరులు 2013 నుంచి అంకెలతో చూపిస్తున్నారు. గెలిచినవారి లాభంలో నుంచి ఓడినవారికి పరిహారం ఇచ్చినా ఇంకా మిగులుతుందని సిద్ధాంతం చెబుతుంది, నిజమే. ఇవ్వమని మాత్రం ఎవరినీ నిర్బంధించదు. రికార్డో స్వయంగా భూస్వామి అయి ఉండి, తన కౌలు ఆదాయం తగ్గుతుందని తెలిసీ ధాన్యం దిగుమతులను తెరవమని వాదించాడు. తన లాభాన్ని అలా వదులుకునేవారు ఎందరుంటారు?

అందుచేత మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ మూడేళ్ళను మొదటి రోజునే ఖర్చు పద్దులో రాయాలి. ఎకరం రొయ్యకు వదులుకున్నది ఒక ఏడాది వరి మాత్రమే అని మనం లెక్క వేశాము. తిరుగు దారి ఖర్చు, పక్కవాడి బస్తాలు కూడా అందులో ఉండాలి. అవి కలిపినా రొయ్యే మేలని తేలవచ్చు, కొన్ని నేలల్లో తేలకపోవచ్చు.

ముత్తుకూరు కుర్రాడు

మాస్టారి జవాబును రాత్రి నాన్నకు చదివి వినిపించాను. "ఇది మా చెరువు యజమానికి మీ కన్నా ముందే తెలుసు" అన్నారు. ఈ నెలాఖరుకు కౌలు కాగితం మళ్ళీ రాసుకోవాలి. రేటు పడిపోయింది కాబట్టి కౌలు తగ్గించడానికి ఆయన ఒప్పుకున్నాడు, కానీ కొత్తగా ఒక షరతు చేర్చాడు. చెరువు వదిలిపెట్టిన రోజున నేలను మళ్ళీ వరికి తెచ్చే ఖర్చు, జిప్సంతో సహా, కౌలుదారుడే పెట్టుకోవాలట. తగ్గించిన కౌలు ఎక్కువో, ఆ ఖర్చు ఎక్కువో తేల్చమని నాన్న నాకే అప్పగించారు.

విడవలూరు చెరువుగట్టు

సంతకం పెట్టే ముందు మట్టి పరీక్ష చేయించమను బాబూ, ఒక్క చెరువులో కాదు, నాలుగింటిలోనూ. అడుగు లోతున ఒకటి, మూడడుగుల లోతున ఒకటి తీయించాలి. ఇప్పుడు నేలలో ఉన్న ఉప్పు ఎంతో కాగితం మీద రాయించుకోకపోతే, మీ నాన్న దిగకముందు చేరిన ఉప్పుకు కూడా ఆయనే జిప్సం కొనవలసి వస్తుంది.